"పోన్లెండి, హాకీ అయినా వచ్చింది కదా" అన్నాను. తప్పు మాట్లాడానా?

శ్రీను_సస్కటూన్
శనివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మేం సస్కటూన్ వచ్చి నాలుగేళ్లయింది. మావాడికి ఏడేళ్లు. ఈ సీజన్‌లోనే హాకీలో చేర్పించాం. (ఇండియా నుంచి చదివేవాళ్ల కోసం ఒక మాట: ఇక్కడ హాకీ అంటే మంచుగడ్డ మీద స్కేట్లు కట్టుకుని ఆడేదే. మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ గురించి మాట్లాడాలంటే ఫీల్డ్ హాకీ అని విడిగా చెప్పాలి.)

మా రింకుకి (స్కేటింగ్ చేసే మంచు మైదానానికి) ఇక్కడి ఆదివాసుల్లో క్రీ జాతికి చెందిన పెద్దాయన ఒకరు మనవణ్ణి తీసుకుని వస్తుంటారు. డెబ్బై దాటి ఉంటాయి. మొదటి రోజు మావాడి లేసులు బిగించడం నాకు రాక తంటాలు పడుతుంటే, ఆయనే వచ్చి కింద కూర్చుని బిగించారు. వేళ్ల దగ్గర కాస్త వదులుగా, చీలమండ దగ్గరికొచ్చేసరికి రెండు చేతులతో లాగి గట్టిగా. "ఇక్కడ వదులైతే పిల్లాడు నిలబడలేడు" అన్నారు. అలా పరిచయమైంది. ప్రాక్టీసు అయ్యాక మనవడి స్కేట్లలో న్యూస్‌పేపరు ఉండలు కుక్కి బ్యాగులో పెట్టుకుంటారు, తడి పీల్చుకోవడానికేమో. నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

ఇవాళ మాటల్లో "మీరెక్కడ నేర్చుకున్నారు సార్?" అని అడిగాను. "రెసిడెన్షియల్ స్కూల్లో" అన్నారు. ఆ మాట వినగానే నా బుర్రలో మెదిలింది తాడికొండ గురుకులం. మా మేనమామ అక్కడ చదివాడు, మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఇక్కడి ఆ స్కూళ్ల సంగతి బొత్తిగా తెలియకపోలేదు. ఆ స్కూళ్ల పిల్లల్ని తల్చుకునే రోజని సెప్టెంబరు 30న పిల్లలకి నారింజ రంగు చొక్కా వేసి పంపిస్తూనే ఉన్నాం. అయినా నోట్లోంచి "పోన్లెండి, హాకీ అయినా వచ్చింది కదా" అని వచ్చేసింది.

ఆయన ఏమీ అనలేదు. కాసేపు ఐస్ వైపు చూశారు. మనవడి బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

అప్పట్నుంచి మనసు మనసులో లేదు. ఆ స్కూళ్లలో ఈ హాకీ సంగతేమిటో తెలిసినవాళ్లు చెప్పండి. తెలుసుకోకుండా ఆయన దగ్గర మళ్లీ నోరు విప్పదలుచుకోలేదు.

విజయ_రెజైనా
శనివారం, రాత్రి 11:45

శ్రీను గారూ, మీరు చెడ్డ మనసుతో అనలేదు. ఆ సంగతి ఆయనకీ తెలిసే ఉంటుంది. అయినా తగిలే మాటే. నేనిక్కడ స్కూల్లో పనిచేయబట్టి పదిహేనేళ్లయింది, ఇలాంటి మాట మొదట్లో నేనూ అన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ "రెసిడెన్షియల్" దగ్గరే మనం పొరబడతాం. మన దగ్గర అది ఎంట్రన్సు రాసి, సీటొస్తే వీధిలో అందరికీ మిఠాయి పంచి పంపే బడి. ఇక్కడ ఆదివాసీ పిల్లల్ని ఇంట్లోంచి పట్టుకుపోయిన బడి. డబ్బు ప్రభుత్వానిది, పెత్తనం చర్చిలది. 1920లో చట్టం మార్చి, పిల్లల్ని పంపని తల్లిదండ్రుల్ని శిక్షించే ఏర్పాటు చేశారు. జుట్టు కత్తిరించారు, సొంత భాషలో మాట్లాడితే కొట్టారు. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అనే ఆదివాసీ సమూహాల పిల్లలు దాదాపు 1,50,000 మంది ఆ బడుల్లో గడిపారు. చివరి బడులు 1990ల ఆఖర్లో గానీ మూతపడలేదు. ఈ బడుల మీద విచారణ జరిపిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో ఇచ్చిన నివేదికలో లెక్కకు దొరికిన చావులే 3,200. క్షయ, ఆకలి, అగ్ని ప్రమాదాలు, చలిలో ఇంటికి పారిపోతూ దారిలో గడ్డకట్టుకుపోవడాలు.

ఇక హాకీ. మీ ఊరికి ఉత్తరాన గంట దూరంలో డక్ లేక్ ఉంది కదా. అక్కడి సెయింట్ మైకేల్స్ బడి 1894 నుంచి 1996 వరకు నడిచింది. ఫ్రెడ్ ససకమూస్ చదివింది అక్కడే. 1933 క్రిస్మస్ రోజున పుట్టారు, అటాకకూప్ క్రీ నేషన్‌కి చెందినవారు. ఆ బడి నుంచి చికాగో బ్లాక్ హాక్స్ దాకా వెళ్లి, 1953-54 సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఇక్కడి అతిపెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్‌లో, 11 మ్యాచ్‌లు ఆడారు. ప్రభుత్వంతో ఒప్పందం కింద హోదా ఉన్న ఫస్ట్ నేషన్స్ ఆటగాళ్లలో ఆ లీగ్‌లో ఆడిన తొలివాళ్లలో ఒకరిగా ఆయన్ని తల్చుకుంటారు.

ఈ ఒక్క ముక్కే చదివితే మీరన్న మాటే ఎవరికైనా వస్తుంది. కానీ ఫ్రెడ్ స్కేటింగ్ మొదలుపెట్టింది ఆ బడిలో కాదండీ. ఊళ్లో, గడ్డకట్టిన చెరువు మీద, తాత దగ్గర. ఆ తాతకి మాట రాదు, వినపడదు. మనవడి మొకాసిన్లకి, అంటే తోలు చెప్పులకి, రెండు రేకుల స్కేట్లు కట్టి మంచు మీద నిలబెట్టేవారట. విల్లో కొమ్మ చెక్కి స్టిక్ చేసిచ్చారు. పక్ (హాకీలో బంతి బదులు కొట్టే బిళ్ల) స్థానంలో గడ్డకట్టిన పేడ ఉండ. ఆ పిల్లాడికి ఆరేళ్లు దాటాయో లేదో, లారీ వచ్చి అతన్నీ అన్న ఫ్రాంక్‌నీ ఎక్కించుకుపోయింది.

బడిలో క్వెబెక్ నుంచి వచ్చిన రూసెల్ అనే ఫాదర్ హాకీ నేర్పారు. శీతాకాలమంతా రోజూ సాధన. ఆట బాగా నేర్పారని ఫ్రెడ్ కాదనలేదు. అదే బడిలో తనపై లైంగిక దాడి జరిగిందని కూడా పెద్దయ్యాక బయటికి చెప్పుకున్నారు. రెండూ నిజాలే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మాఫీ చేయమంటే ఎలా? మీ పెద్దాయనకి వినిపించింది ఆ మాఫీ మాటే అయ్యుంటుంది.

రమణ_బ్రాంప్టన్
ఆదివారం, ఉదయం 8:10

విజయ గారూ, బాగా రాశారు. నాదొక సందేహం. ఎవర్నీ నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను. రింకు, కోచ్, స్కేట్లు ఉన్నది ఆ బడిలోనే కదా? మారుమూల రిజర్వు (ఆదివాసులకి కేటాయించిన భూమి) పిల్లాడికి అవి లేకపోతే ఎన్‌హెచ్‌ఎల్ దాకా దారి ఎక్కడిది? తాత చెక్కిచ్చిన కొమ్మతో అంతదూరం వెళ్లేవాడా? బడి చేసిన ఘోరాలు వేరు, ఆట వేరు అని విడదీసి చూడకూడదా?

పీఈటీ_వెంకటేశ్వర్లు
ఆదివారం, ఉదయం 9:30

తెనాలి నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి కాల్గరీలో ఉంటుంది, అలా ఈ వేదిక పరిచయం. మంచు హాకీ నేనెరగను. పిల్లలకి ఆట నేర్పడం తెలుసు, 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో అదే పని.

రమణ గారూ, మా స్కూల్లో సాయంత్రం బెల్లు కొట్టాక పిల్లవాడు గ్రౌండ్‌లో ఉంటే, వాళ్లమ్మ గేటు దగ్గరికొచ్చి "ఒరేయ్, రా ఇంక" అని కేకేసేది. వాడు బంతి వదిలి పరిగెత్తేవాడు. నేను నేర్పిన ఆట అంతా ఆ కేక మీద ఆధారపడిందే. ఇంటికెళ్లి అన్నం తిని, అమ్మకి ఆట కబుర్లు చెప్పి, మర్నాడు మళ్లీ వచ్చేవాడు. రోజు తర్వాత రోజు గేటు దగ్గర ఎవరూ రాని గ్రౌండ్‌లో పిల్లవాడు ఆడే ఆట ఎలాంటిదో నా ఊహకి అందడం లేదు.

ఒక్కటి అడుగుతాను, తెలిసినవాళ్లు చెప్పండి. ఆ బడుల్లో ఆట అందరు పిల్లలకా, ఏరిన జట్టుకేనా?

విజయ_రెజైనా
ఆదివారం, ఉదయం 11:05

మాస్టారూ, నమస్కారం. మీరడిగింది అసలు ప్రశ్న.

చాలా చోట్ల ఏరిన మగపిల్లల జట్టుకే. మిగతావాళ్లకి వచ్చేవి దానంగా వచ్చిన పాత స్కేట్లు, అవీ వంతులవారీగా. ఏళ్ల తరబడి అక్కడ సగం పూట చదువు, సగం పూట చాకిరీ. పొలం, పశువుల కొట్టం, లాండ్రీ, వంటిల్లు. ఆ పద్ధతి 1950ల మొదట్లో గానీ పోలేదు. రింకు కూడా ఎవరో కట్టించి ఇచ్చింది కాదు, చాలాచోట్ల పిల్లలే నీళ్లు మోసి, పోసి, గడ్డకట్టించుకున్నారు.

జట్టులో ఉన్నవాళ్లకి వేరే ఊళ్లకి వెళ్లే అవకాశం, అక్కడ కడుపునిండా తిండి. ఆ కాస్త కోసమే ప్రాణం పెట్టి ఆడామని బతికి బయటపడ్డవాళ్లు కమిషన్ ముందు చెప్పారు. హాకీ లేకపోతే ఈ రోజు నేను ఉండేవాణ్ణి కాదని చెప్పినవాళ్లూ ఉన్నారు. అది ఆ బడికిచ్చిన సర్టిఫికెట్ కాదు. మునిగిపోతున్నవాడు పట్టుకున్న దుంగ గురించి చెప్పిన మాట.

ఒక ఫొటోల సంగతి చెప్తాను. వాయువ్య ఒంటారియోలో సూ లుకౌట్ దగ్గర పెలికన్ లేక్ అనే బడి ఉండేది, ఆంగ్లికన్ చర్చి నడిపింది. అక్కడి పిల్లల జట్టు పేరు బ్లాక్ హాక్స్. 1951లో వాళ్లని ఆటవా, టొరంటో తీసుకెళ్లారు. వెంట ప్రభుత్వ ఫొటోగ్రాఫరు. శుభ్రమైన జెర్సీలు, నవ్వు మొహాలు, పార్లమెంటు చూడటం, అన్నీ ఫొటోలు తీశారు. ఈ బడులు ఎంత బాగా పనిచేస్తున్నాయో దేశానికి చూపించడానికి. అరవై, డెబ్బై ఏళ్లు గడిచాక పరిశోధకులు ఆ ఫొటోల్ని ఆ జట్టులో బతికున్న పెద్దల ముందు పెట్టి, వాటిలో కనపడనిదేమిటో వాళ్ల నోటే విన్నారు. బాగా ఆడామన్న గర్వమూ, ఆకలీ, ఇంటి బెంగా అన్నీ కలిసే వచ్చాయి.

చింతూరు_బాబు
ఆదివారం, మధ్యాహ్నం 2:40

నేను కోయవాణ్ణి. ఇప్పుడు ఎడ్మంటన్‌లో వెల్డింగ్ పని. ఐదో తరగతి నుంచి పది దాకా ఆశ్రమ పాఠశాలలో చదివాను. ఈ చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందే చెప్తున్నాను, రెండూ ఒకటే అని నేననను. మా అమ్మ వేలిముద్ర వేసి చేర్పించింది, సంక్రాంతికీ వేసవికీ ఇంటికి పోయాం. ఆ చదువే లేకపోతే నేనిక్కడ లేను. కానీ మా సార్ ఒకాయన క్లాసులో కోయ మాట వినపడితే చెవి మెలితిప్పేవాడు. "మనుషుల భాష మాట్లాడండ్రా" అనేవాడు. ఇప్పుడు నా కూతురికి కోయ రాదు. నేను నేర్పలేదు. నేర్పబోతే ఆ చెవి నొప్పి గుర్తొస్తుంది, నిజం.

కబడ్డీ కోర్టులో మాత్రం మేం మేమే కోయలో అరుచుకునేవాళ్లం. ఎవడు వెనక్కి రావాలో, ఎవడు కాలు పట్టాలో. అవతలి జట్టుకి అర్థమయ్యేది కాదు, మా సార్‌కీ అర్థమయ్యేది కాదు. గెలుస్తున్నాం కాబట్టి ఏమీ అనేవాడు కాదు. ఆ గీతల లోపల నలభై నిమిషాలు మేం మా ఊళ్లో ఉన్నట్టే.

రమణ అన్నా, ఆ నలభై నిమిషాలూ మాకు ఎవరు ఇచ్చారంటావు? మా సార్ ఇచ్చాడా?

పద్మ_కాల్గరీ
ఆదివారం, సాయంత్రం 5:15

బాబు తమ్ముడూ, చదివి కళ్లు చెమర్చాయి. పాపకి నేర్పు. ఒక్కొక్క మాటే అయినా సరే.

మా అమ్మాయి హాకీలో గోలీ (గోల్ కీపర్), పదకొండేళ్లు. అందుకే ఆడపిల్లల గురించి వెతికాను. ఆ బడుల్లో ఎక్కువ చోట్ల మగపిల్లలకి హాకీ, ఆడపిల్లలకి కుట్టుపనీ, ఇస్త్రీ, డ్రిల్లూ. అన్నదమ్ములు రింకులో ఆడుతుంటే అక్కచెల్లెళ్లు వాళ్ల బట్టలు ఉతికారన్నమాట.

ఇంకొకాయన కథ కూడా తెలిసింది. కెనెత్ మూర్. సస్కాచెవాన్ పీపీకిసిస్ ఫస్ట్ నేషన్. 1932 ఒలింపిక్స్‌లో కెనడాకి హాకీ స్వర్ణం తెచ్చిన విన్నిపెగ్ జట్టులో ఉన్నారు. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన తొలి ఫస్ట్ నేషన్స్ ఆటగాడాయన. ఆయన అన్నలిద్దరు రెసిడెన్షియల్ స్కూల్లో చనిపోయారు. ఈ పిల్లాణ్ణయినా దక్కించుకోవాలని తల్లిదండ్రులు రిజర్వు వదిలేసి రెజైనా నగరానికి మకాం మార్చారు. మామూలు బడికి వెళ్లాడు, హాకీ ఆడాడు, స్వర్ణం గెలిచాడు.

బడి లేకపోతే హాకీ ఎక్కడిది అన్న రమణ గారి ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇదే. ఆ అన్నలిద్దరూ ఆ బడిలోనే పోయారు, హాకీ ఆడే వయసుకి మిగిలింది ఆ బడికి పోనివాడే.

కిరణ్_మూస్‌జా
ఆదివారం, సాయంత్రం 6:00

విషయం మారుస్తున్నందుకు క్షమించండి. పిల్లలకి సెకండ్ హ్యాండ్ స్కేట్లు కొంటే సైజు ఎలా చూడాలి? చెప్పుల సైజుకి ఒకటి తగ్గించాలంటున్నారు.

మా ఊరి పేరు చూసి ఇంకో ముక్క: ససకమూస్ జూనియర్ హాకీ ఆడింది మా మూస్ జా జట్టుకే. మొదట్లో ఇంటి మీద బెంగతో పారిపోయి, ఊరికి నడిచి పోదామని బయల్దేరాడట. పదిహేనేళ్ల పిల్లాడు.

పద్మ_కాల్గరీ
ఆదివారం, సాయంత్రం 6:20

అవును కిరణ్, ఒకటి, ఒకటిన్నర తగ్గుతుంది. పాదం పెట్టి వేళ్లు ముందుకి ఆనించి, మడమ వెనక ఒక వేలు పట్టేంత ఖాళీ చూడు. అంతకంటే పెద్దవి "ఎదుగుతాడులే" అని కొనకు. మడమ కదిలితే స్కేటింగ్ రాదు.

రమణ_బ్రాంప్టన్
ఆదివారం, రాత్రి 9:50

అందరికీ జవాబు రాయాలని మధ్యాహ్నం నుంచి అనుకుంటున్నాను. బాబు తమ్ముడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పొద్దున అలా రాయకుండా ఉండాల్సింది.

మాకు గంట, గంటంబావు దూరంలో బ్రాంట్‌ఫర్డ్ ఉంది. రెండేళ్ల క్రితం పిల్లల్ని తీసుకెళ్లాను, హాకీ దిగ్గజం వేన్ గ్రెట్‌స్కీ ఊరు కదా అని. గ్రెట్‌స్కీ 1961లో పుట్టాడు. వాళ్ల నాన్న ఇంటి పెరట్లో నీళ్లు పెట్టి రింకు తయారుచేశాడు, ఆ పిల్లాడు అందులోనే ఆడి ఆడి అంతటివాడయ్యాడు. ఆ కథ ఇక్కడ అందరికీ కంఠస్థం.

ఇవాళ చూసుకుంటే, అదే ఊళ్లో మొహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే రెసిడెన్షియల్ స్కూలు 1970 దాకా నడిచింది. పూటపూటా ఓట్స్ జావే పోసేవారని పిల్లలు దానికి "మష్ హోల్" అని పేరు పెట్టుకున్నారు. 1907లో బోస్టన్ మారథాన్ గెలిచిన టామ్ లాంగ్‌బోట్ చిన్నప్పుడు ఆ బడి నుంచి పారిపోయినవాడే. ఆ భవనం ఇప్పటికీ ఉంది. మేం ఊరికి వెళ్లి కూడా అటు పోలేదు.

అంటే ఒకే ఊళ్లో, ఒకే సంవత్సరాల్లో, ఒక ఇంట్లో నాన్న రాత్రి చలిలో నిలబడి పైపుతో నీళ్లు పడుతున్నాడు, అదే ఊళ్లో ఆ బడి పిల్లలకి నాన్న లేడు. ఉన్నాడు, కానీ రానివ్వలేదు. హాకీ రావడానికి కావలసింది ఏమిటని నేను పొద్దున అడిగాను. జవాబు నా పక్క ఊళ్లోనే ఉంది.

విజయ_రెజైనా
ఆదివారం, రాత్రి 10:30

రమణ గారూ, మీరు తిరిగొచ్చి రాసినందుకు సంతోషం.

బాబు రాసిన భాష సంగతికి ఒకటి జోడిస్తాను. 2019లో ఏపీటీఎన్ అనే ఆదివాసుల టీవీ ఛానల్లో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌ని తొలిసారి క్రీ భాషలో ప్రసారం చేశారు. ఆట వ్యాఖ్యానం క్లారెన్స్ ఐరన్ గారిది. మరుసటి ఏడాది ఎడ్మంటన్ ఆటగాడు ఈథన్ బేర్ ఒక మ్యాచ్‌లో తన పేరు క్రీ లిపిలో రాసిన జెర్సీ వేసుకుని ఐస్ మీదకొచ్చాడు. మా స్కూల్లో ఒక ముసలావిడ ఆ క్రీ కామెంటరీ ఫోన్లో పెట్టుకుని వినడం చూశాను. హాకీ ఆవిడకి ఇష్టం లేదు. "గోల్" అని కాదు, మధ్యలో ఊరికే మాట్లాడుకునే మాటల కోసం వింటాను అంది.

శ్రీను గారూ, ఆయన్ని కలిసినప్పుడు ఎక్కువ మాట్లాడకండి. "నేనలా అనకూడదు, క్షమించండి" అనండి, చాలు. కథ చెప్పమని మాత్రం అడగొద్దు. చెప్పాలనిపిస్తే ఆయనే చెప్తారు.

శ్రీను_సస్కటూన్
తర్వాతి శనివారం, రాత్రి 9:15

విజయ గారు చెప్పినట్టే చేశాను. ఇవాళ రింకులో ఆయన ముందు బెంచీ మీద కూర్చుని ఆ రెండు ముక్కలే అన్నాను. ఆయన తల ఊపారు. పది నిమిషాలు ఇద్దరం పిల్లల ఆట చూస్తూ కూర్చున్నాం. బయట మైనస్ 31.

తర్వాత ఆయనే మొదలుపెట్టారు. ఇక్కడ రాయొచ్చా అని అడిగాను. పేరు, ఊరు, బడి పేరు లేకుండా అయితే రాయమన్నారు.

"ఆ రోజు నేను సగమే చెప్పాను. బడిలో నేర్చుకున్నాను, కానీ బడి నేర్పలేదు. మా అన్న నేర్పాడు" అన్నారు. అన్న నాలుగేళ్లు పెద్ద. చిన్నపిల్లల గది వేరు, పెద్దపిల్లల గది వేరు. భోజనాల దగ్గర బల్లలు వేరు. దూరం నుంచి చూసుకోవడమే తప్ప పక్కపక్కన నిలబడే వీలు లేదట. శీతాకాలం రింకు మీద మాత్రం అందరూ కలిసేవాళ్లు. "అందుకని స్కేటింగ్ నేర్చుకోవాలనుకున్నాను. హాకీ కోసం కాదు."

ఈయన పాదానికి సరిపడే స్కేట్లు అక్కడ లేవు. పెట్టెలోంచి దొరికినవి మూడు సైజులు పెద్దవి. అన్న ఎక్కడో పాత న్యూస్‌పేపర్లు సంపాదించి, నలిపి ఉండలు చేసి, ముందు వేళ్ల దగ్గరా, తర్వాత మడమ వెనకా కూరి, లేసు చీలమండ చుట్టూ రెండుసార్లు తిప్పి కట్టాడట. వెనక్కి వెనక్కి స్కేట్ చేసుకుంటూ పోయి, చేతులు చాచి "ఆస్తమ్" అని పిలిచేవాడట, మెల్లగా, ఒడ్డున నిలబడ్డ బ్రదర్‌కి (బడి నడిపే చర్చి మనిషికి) వినపడకుండా. క్రీలో "ఇటు రా" అని అర్థం. ఈయన పడేవారు, లేచేవారు, మళ్లీ "ఆస్తమ్".

అన్న ఇప్పుడు లేరు. ఎలా పోయారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మాస్టారూ, మీరు రాసిన గేటు దగ్గర కేక గురించి ఆయనకి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నారు. తెలుగులో ఆ మాట ఎలా అంటారని అడిగితే "రా" అని చెప్పాను. "చిన్న మాట, బాగుంది" అన్నారు.

ప్రాక్టీసు అయ్యాక మనవడి స్కేట్లు విప్పి, ఎప్పటిలాగే పేపరు నలపడం మొదలుపెట్టారు. నా పక్కన సగం పేపరు పెట్టారు. మావాడి స్కేట్లలో ముందు వేళ్ల దగ్గర, తర్వాత మడమ వెనక.

చింతూరు_బాబు
శనివారం, రాత్రి 11:30

శ్రీను అన్నా, చదివాను. మా పాప ఇంకా నిద్రపోలేదు. రేపు పొద్దున దాన్ని కోయలోనే పిలుస్తాను.